మిస్సమ్మని మళ్ళీ స్టేజీ ఎక్కిస్తున్నాం, సలహాలు కావాలి

నూజివీడురసం
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్కా రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి వచ్చాను, తిట్టుకోకండి.

మేం ఉండేది అమెరికాలో ఓ మోస్తరు ఊరు. మనవాళ్ళవి రెండొందల గడపలుంటాయి. సంక్రాంతి సంబరాల్లో ఏటా అవే సినిమా డాన్సులు, అదే ఫ్యాషన్ షో. ఈసారి కమిటీ మీటింగులో నోరు జారి "ఒక నాటకం వేద్దామండీ" అన్నాను. అంతే, నలభై ఐదు నిమిషాలు నా నెత్తిన పెట్టారు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే "మిస్సమ్మ వెయ్యండి, అదీ 1955 సంక్రాంతికి వచ్చిన సినిమాయేగా" అంది. ఆవిడ మాట పట్టుకుని దిగిపోయాను.

హీరో రావు వేషానికి మా సంఘం కోశాధికారి. కాస్త పొట్ట ఉంది, కోటు గుండీలు పడవు. హీరోయిన్ మేరీకి ఫార్మసీలో పనిచేసే ఒక చెల్లెలు దొరికింది, కోపం బాగా నటిస్తుంది (నటనేనా అని అనుమానం). జమీందారు గోపాలం మా మామగారు. ఆరునెలలకని వచ్చారు, జనవరి 20న తిరుగు టికెట్. ఆయన కుర్రతనంలో పౌరాణికాలు వేశారు. సాంఘికం ఎప్పుడూ వెయ్యలేదు.

నా టెన్షన్ ఏమిటంటే, సినిమా దాదాపు మూడు గంటలు. నలభై ఐదు నిమిషాల్లోకి తేవాలంటే ఏది తీసెయ్యాలి? మేరీ తప్పిపోయిన జమీందారు కూతురని చివర్లో తేల్చేది కాలి మీద పుట్టుమచ్చ కదా. హైస్కూల్ ఆడిటోరియంలో ఇరవయ్యో వరుసకి అది ఎలా కనపడుతుంది? ఇంకా అసలు ఆ ముగింపే అలాగే ఉంచాలా అన్నది మా ఇంట్లో రోజూ గొడవ.

అడ్డంగా_మాట్లాడతా
శుక్రవారం, రాత్రి 10:31

నాటకమా? నలభై సెకన్ల రీల్ చేసి పడెయ్యండి బ్రో. "ఆడవారి మాటలకు అర్థాలే వేరులే" ఒక్క ముక్క పెడితే చాలు. ఖుషిలో ఆ పాట మళ్ళీ వాడారు, 2007లో ఆ లైనే టైటిల్‌గా వెంకటేష్ సినిమా వచ్చింది. జనానికి గుర్తున్నది అదే.

ఆందోళిక
శుక్రవారం, రాత్రి 10:50

జనం అంటే మీ ఒక్కరేనా? మా ఇంట్లో ఇప్పటికీ మజ్జిగ చిలికినంత మామూలుగా "రావోయి చందమామ" పాడతారు.

తెనాలి_తాత
శనివారం, ఉదయం 6:05

బాబూ, ముందు ఒక మాట. సినిమాని నాటకం చెయ్యడం ఎలా అని బెంగపడుతున్నావు. మిస్సమ్మని స్టేజీ ఎక్కించడమంటే పిల్లని పుట్టింటికి పంపించడమే. దాని మూలం నాటకం. రవీంద్రనాథ్ మైత్ర అనే ఆయన బెంగాలీలో రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్'. బడిలో ఉద్యోగం కోసం పెళ్ళికాని ఇద్దరు మొగుడూపెళ్ళాలమని అబద్ధమాడడం, ఆ అబద్ధం వాళ్ళ మెడకే చుట్టుకోవడం అక్కణ్ణించి వచ్చింది. దాన్ని తెలుగులోకి తెచ్చినవాడు మా తెనాలి వాడు చక్రపాణి. ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, తర్వాత బెంగాలీ రచయిత శరత్‌బాబు నవలల్ని మనకి తెలుగులో పెట్టాడు. చందమామ, యువ పత్రికలు నడిపింది కూడా ఆయనే, నాగిరెడ్డిగారితో కలిసి విజయా సినిమా సంస్థ నడిపిందీ ఆయనే.

నేను నలభై ఏళ్ళు పరిషత్తు నాటకాలు వేశాను, వేయించాను. ఒక సంగతి చెబుతా విను. నాటకంలో నవ్వు పుట్టేది డైలాగులో కాదు, తలుపు దగ్గర. ఎవరు ఎప్పుడు లోపలికి వస్తారు, వాళ్ళకి ఏం తెలుసు, ఏం తెలీదు అన్నదే అసలు. మిస్సమ్మలో బడి పంతులు, పంతులమ్మ ఉండే ఇల్లు చూడు. రావు, మేరీ లోపల కీచులాడుకుంటుంటారు. గుమ్మంలో జమీందారు దంపతులు కనపడగానే మొహాలు మారిపోతాయి. నీకు కావలసిందల్లా ఒక గుమ్మం, రెండు కుర్చీలు, మధ్యలో ఒక తడిక. సెట్టింగు పేరుతో డబ్బులు తగలెయ్యొద్దు.

ఇంకొకటి. మీ మామగారు పౌరాణికాలు వేశారంటున్నావు. జాగ్రత్త. పద్యం నోట్లో ఉన్నవాడు మాట మర్చిపోతే పద్యం ఎత్తుకుంటాడు. నేను చూశాను.

ఖరగ్‌పూర్_అమ్మాయి
శనివారం, ఉదయం 9:20

తాతగారూ నమస్తే. మాది ఖరగ్‌పూర్, తాతల నాడు రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. మీరు చెప్పినదానికి కొంచెం కలుపుతాను.

ఆ నాటకం 1935లోనే బెంగాలీలో సినిమాగా వచ్చింది, జ్యోతిష్ బెనర్జీ తీశారు. మళ్ళీ 1958లో ఉత్తమ్ కుమార్‌తో తీశారు. అంటే మన మిస్సమ్మ ఈ రెంటికీ మధ్య వచ్చింది. ఇక్కడ మా పక్కింటి మాషీమాకి (పిన్నిగారన్నమాట) ఒకసారి మిస్సమ్మ చూపించాను. భాష రాకపోయినా పది నిమిషాల్లో కథ పట్టేసింది. కానీ నాగేశ్వరరావు తెర మీదకి రాగానే "ఈయనెవరు? ఇతను మా కథలో లేడే" అంది.

నిజమే, లేడు. ఆ డిటెక్టివ్ ఏ.కె. రాజు వేరే కథ నుంచి వచ్చాడు. శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన 'డిటెక్టివ్'ని దీంట్లో కలిపారు. వ్యోమకేశ్ బక్షీ అనే డిటెక్టివ్‌ని పుట్టించినది కూడా ఈయనే. రెండు కూరలు ఒకే గిన్నెలో వండినట్టన్నమాట, అయినా రుచి చెడలేదు.

కాబట్టి నూజివీడురసం గారూ, నలభై ఐదు నిమిషాలే ఉంటే డిటెక్టివ్‌ని తీసెయ్యొచ్చు. మూలంలో లేనివాడేగా.

అడ్డంగా_మాట్లాడతా
శనివారం, ఉదయం 9:34

ఏఎన్నార్‌ని తీసేస్తారా!! ఫ్యాన్స్ ఊరుకోరు.

వెన్నెల_లెన్స్
శనివారం, మధ్యాహ్నం 1:15

ఫ్యాన్స్ సంగతి అలా ఉంచండి, రాజుని తీసేస్తే పుట్టుమచ్చ వెతికేదెవరు? భూతద్దం పట్టుకుని ఆడవాళ్ళ కాళ్ళ వంక చూస్తూ తిరిగే మనిషి లేకపోతే మేరీయే తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని ఎవరు తేలుస్తారు? ఆ పాత్ర పైకి హాస్యం, లోపల కథకి మేకు.

అప్పటికి నాగేశ్వరరావు దేవదాసు. 1953లో ఆ సినిమా వచ్చాక జనం ఆయన్ని దగ్గుతూ, తాగుతూ ఉన్న మనిషిగానే చూస్తున్నారు. ఆ ముద్ర వదిలించుకోవాలనే రెండో హీరో పాత్రయినా, హాస్యమైనా ఒప్పుకున్నాడు. పెద్ద హీరో అలా చిన్న వేషంలో నవ్వించడం ఇప్పుడు ఊహించండి చూద్దాం.

ఇక నా గొడవ వెన్నెల. "రావోయి చందమామ" దగ్గర మార్కస్ బార్‌ట్లీ తీసిన వెన్నెల చూశారా? స్టూడియో ఫ్లోర్‌లో లైట్లు పెట్టి పుట్టించిన వెన్నెల అది. నీడ ఎక్కడా గట్టిగా కొట్టదు, మొహాల మీద పాలు జల్లినట్టుంటుంది. రెండేళ్ళ తర్వాత మాయాబజార్‌లో కూడా ఆయనదే కెమెరా. మీ స్టేజీ మీద చందమామ ఎలా పెడుతున్నారు? దయచేసి ప్రొజెక్టర్ వెయ్యకండి. గుండ్రటి తెల్ల కాగితం లాంతరు ఒకటి కొని లోపల చిన్న బల్బు పెట్టండి. మిగతా లైట్లు సగానికి తగ్గించి, వాటికి నీలం జిలాటిన్ కాగితం కట్టండి. చాలు.

ఆందోళిక
శనివారం, మధ్యాహ్నం 2:02

ఆ పాటలో నాకు నచ్చేది, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చందమామతో చాడీలు చెప్పుకుంటారు. మామూలు ప్రేమ పాటలో చంద్రుడు ఊరికే ఉంటాడు, ఇక్కడ పెద్దమనిషిగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టారు. పింగళి నాగేంద్రరావు గారి తుంటరితనం. నాటకంలో పాడించలేకపోతే ఆ ముక్కలు మాటలుగానైనా చెప్పించండి, ఇద్దరూ చంద్రుడి వైపే తిరిగి.

పాటలన్నీ పెట్టాలని చూడకండి. రెండు చాలు, ఒకటి ఇది. రెండోది "తెలుసుకొనవె చెల్లీ", దానికి రావు ఎదురు పాట "తెలుసుకొనవె యువతీ". ఆ రెండూ కలిపితే ఒక సీను అయిపోతుంది. చెరో పల్లవీ చాలు.

ఎన్టీఆర్‌కి ఘంటసాల కాకుండా ఏ.ఎం. రాజా పాడిన సినిమా ఇది. రావు గట్టిగా అరిచే మనిషి కాదు, లోలోపల గొణుక్కునే మనిషి. ఆ మెత్తని గొంతు సరిగ్గా అతికింది. మేరీ వేసిన సావిత్రికి పి. లీల, సీత వేసిన జమునకి సుశీల. "బృందావనమది అందరిది" బాణీ ఎంత పట్టుకుందంటే హిందీ మిస్ మేరీకి (1957) హేమంత్ కుమార్ సంగీతమైనా ఈ ఒక్క పాటకి మన మిస్సమ్మ సంగీత దర్శకుడు రాజేశ్వరరావు గారి వరసే ఉంచేశారు. లత, రఫీ పాడారు.

సండేస్కూల్_టీచరు
శనివారం, రాత్రి 8:47

ముగింపు సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే ఎత్తుతాను. మాది గుంటూరు దగ్గర, మూడు తరాలుగా క్రైస్తవులం. మా అమ్మమ్మకి మిస్సమ్మ అంటే ప్రాణం. ఎందుకో తెలుసా? అప్పటివరకు ఆవిడ చూసిన సినిమాల్లో మనలాంటి ఇంటి పిల్ల హీరోయిన్‌గా లేదు. మేరీ చదువుకున్న పిల్ల, అప్పు తీర్చాలని ఉద్యోగం వెతుక్కుంటుంది, ఎవడికీ తలవంచదు. "కరుణించు మేరిమాతా" వచ్చినప్పుడు అమ్మమ్మ కూర్చున్న చోటే కళ్ళు మూసుకునేది.

నా చిన్నప్పుడు టీవీలో మొదటిసారి చూశాను. చివర్లో ఆవిడ మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి అని తెలిసింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఏదో లాగేసుకున్నట్టు అనిపించింది. "అయితే మేరీ ఏమైపోయింది?" అని అడిగాను. అమ్మమ్మ జవాబు చెప్పలేదు, పల్లీలు వలుస్తూనే ఉంది.

అలా అని ముగింపు మార్చేయమని చెప్పట్లేదు. ఆ రోజుల్లో వాళ్ళకి అంతకన్నా దారి లేదనుకుంటాను. కానీ ఒక్కటి గమనించండి. రావు జమీందారు చిన్నకూతురు సీతకి సంగీతం నేర్పుతుంటే కిటికీలోంచి చూసి మండిపోయేది మేరీయే, మహాలక్ష్మి కాదు. అంటే పుట్టుమచ్చ బయటపడకముందే ఆవిడకి రావు మీద మనసు పడింది. రావుకీ అంతే. మీ నాటకంలో ఆ వరస జాగ్రత్తగా పెట్టండి. ముందు ఇద్దరూ ఒప్పుకోవాలి, తర్వాతే మచ్చ కనపడాలి. తిరగేసి పెడితే కులం మతం కలిశాయి కాబట్టి ప్రేమ పుట్టిందన్నట్టు ఉంటుంది.

ఇంకొకటి, ఆ ప్రార్థన సీనుని నవ్వులాటకి వాడకండి.

తెనాలి_తాత
ఆదివారం, ఉదయం 5:50

అమ్మా టీచరుగారూ, నలభై ఏళ్ళలో ఈ ముక్క నాకు తట్టలేదు. రసం బాబూ, ఆవిడ చెప్పినట్టే చెయ్యి.

పుట్టుమచ్చకి నా దగ్గర ఉపాయం ఉంది. సినిమాలో క్లోజప్ ఉంటుంది, మనకి లేదు. కాబట్టి కళ్ళకి చూపించకు, చెవికి చూపించు. జమీందారుగారి భార్య మేరీని కన్నకూతురిలా చూసుకుంటుంది కదా. ఆవిడా ఇంకో ముసలావిడా మేరీని పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకి పారాణి పెడుతుంటారు. ముసలావిడ పెట్టిన చేయి ఆపి, తుడిచి, మళ్ళీ తుడిచి "ఇదేమిటే, పోవట్లేదు, పారాణి కాదిది" అంటుంది. హాలంతా సద్దుమణిగిపోతుంది చూడు. అప్పుడు జమీందారు భార్య మెల్లిగా వంగి చూడాలి. మాట్లాడకూడదు. ఇరవయ్యో వరుస కాదు, బయట పార్కింగులో ఉన్నవాడికి కూడా తెలుస్తుంది.

నూజివీడురసం
ఆదివారం, ఉదయం 8:10

తాతగారూ, మీ కాళ్ళకి దణ్ణం. మా ఆవిడకి చదివి వినిపిస్తే ముసలావిడ వేషం తనకే కావాలంది.

ఒక సందేహం. మా మామగారు జమీందారు వేషాన్ని బాగా నవ్వు పుట్టించేలా చేస్తానంటున్నారు. కనుబొమ్మలెగరేసి, జనం వైపు చూసి కన్నుకొట్టడం, ఇవన్నీ. వద్దంటే "నాకు చెబుతావా" అంటున్నారు. అల్లుణ్ణి కదా, గట్టిగా అనలేను.

వెన్నెల_లెన్స్
ఆదివారం, ఉదయం 10:25

వద్దు, వద్దు, వద్దు. ఈ సినిమా నిలబడిందే జమీందారు దంపతుల అమాయకత్వం మీద. రావు, మేరీ కొట్లాడుకునేది వాళ్ళకి పెళ్ళి కాలేదు కాబట్టి. ఊరేమో పెళ్ళయింది కాబట్టే కొట్లాడుకుంటున్నారు, కొత్త జంట కదా అనుకుంటుంది. హాస్యం మొత్తం ఈ ఒక్క అపార్థంలో ఉంది. జమీందారు కన్నుకొట్టాడా, ఆయనకి తెలిసిపోయినట్టే. తెలిసిపోతే కథ అక్కడే చచ్చిపోతుంది.

రంగారావు చేసింది చూడండి. ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించడు. మంచి మనిషి, కాస్త చాదస్తం, భార్య మాట వింటాడు, అంతే. ఒక లెక్క చెబుతాను. రంగారావు పుట్టింది 1918లో, రామారావు 1923లో. ఐదేళ్ళే తేడా. అయినా రావు పక్కన ఆయన నిలబడితే తండ్రిలాగే ఉంటాడు. అది మేకప్ కాదు, నడకలో తెచ్చుకున్న బరువు.

మీ మామగారికి చెప్పండి, "ఇది చాలా సీరియస్ వేషం మామయ్యా, కన్నకూతుర్ని పోగొట్టుకున్న తండ్రి వేషం" అని. పౌరాణికం వేసినవాళ్ళకి శోకం అంటే ఇష్టం.

అడ్డంగా_మాట్లాడతా
ఆదివారం, మధ్యాహ్నం 12:40

డేవిడ్ వేషం ఎవరేస్తున్నారు? రమణారెడ్డి లేని మిస్సమ్మ ఏం మిస్సమ్మ? అప్పు పెట్టి పెళ్ళి చేసుకోమని వెంటపడే ఆ ఎముకల పోగు నాకు అందరికన్నా ఇష్టం.

అన్నట్టు మేరీ వేషం మొదట భానుమతిది. ఆవిడ చేసి ఉంటే ఇంకా బాగుండేది, రాసి పెట్టుకోండి.

ఖరగ్‌పూర్_అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 12:58

అయిపోయింది, మొదలుపెట్టారు.

ఆందోళిక
ఆదివారం, మధ్యాహ్నం 1:10

భానుమతి గొప్పావిడే, కాదన్నదెవరు. కొన్ని రీళ్ళు తీశాక ఒకరోజు వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చారని, చక్రపాణి గారు క్షమాపణ రాసివ్వమన్నారని, ఆవిడ ససేమిరా అన్నారని, తీసిన ఫిల్ము తగలబెట్టేశారని అందరూ చెప్పుకునేదే. సీత వేషానికి తీసుకున్న సావిత్రి మేరీ అయింది, సీతగా జమున వచ్చింది. ఇద్దరూ మొండివాళ్ళే, ఆయనా ఆవిడా. నా మట్టుకు భానుమతి మేరీ అయి ఉంటే రావుని మొదటి సీనులోనే మింగేసేది. సావిత్రిలో ఆ చిరాకు కింద ఎక్కడో ఒక బెదురు ఉంది. అది లేకపోతే ప్రార్థన సీను పండదు.

అడ్డంగా_మాట్లాడతా
ఆదివారం, మధ్యాహ్నం 1:14

సావిత్రి ఫ్యాన్స్ ఎప్పుడూ ఇంతే.

ఆందోళిక
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఎంతే?

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 1:52

మధ్యలో 23 పోస్టులు తీసేశాను. ఇది భానుమతి, సావిత్రి దారం కాదు. దానికి వేరే దారం ఉంది, 2016 నుంచి కాలుతూనే ఉంది, అక్కడికెళ్ళి చలి కాచుకోండి. నూజివీడురసం గారూ, టికెట్ పెట్టి వేస్తున్నట్టయితే పాటలకీ కథకీ అనుమతుల సంగతి కమిటీతో ఒకసారి మాట్లాడుకోండి.

నూజివీడురసం
ఆదివారం, రాత్రి 9:30

టికెట్ లేదండీ, భోజనం కూడా ఉచితం. డేవిడ్ వేషం సమయం చాలక తీసేశాం. క్షమించాలి.

ఖరగ్‌పూర్_అమ్మాయి
సోమవారం, ఉదయం 7:45

గొడవ చల్లారింది కాబట్టి ఒక తమాషా సంగతి. ఈ సినిమా తెలుగులో, తమిళంలో ఒకేసారి తీశారు. తమిళ మిస్సియమ్మ రెండు రోజుల తేడాతో, జనవరి 14న పొంగల్‌కి వచ్చింది. అందులో రావు స్థానంలో జెమినీ గణేశన్, డిటెక్టివ్‌గా తంగవేలు. సావిత్రి, జమున, రంగారావు రెంటిలోనూ ఉన్నారు. సావిత్రి అక్కడ రామారావుతో కొట్లాడి, ఇక్కడ జెమినీతో అదే కొట్లాట మళ్ళీ కొట్లాడిందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. సావిత్రి, జెమినీలకి అప్పటికే పెళ్ళయింది. 1952లో, గుట్టుగా. లోకానికి తెలీదు. అంటే తమిళ సినిమాలో తెర మీద ఇద్దరూ పెళ్ళికాకుండానే అయినట్టు నటిస్తుంటే, తెర వెనక అయినా కానట్టు నటిస్తున్నారు. ఏ నాటకకర్తా ఇలా రాయలేడు.

సండేస్కూల్_టీచరు
సోమవారం, ఉదయం 8:30

అమ్మో. ఇది తెలిశాక తమిళంది మళ్ళీ చూడాలి.

తెనాలి_తాత
సోమవారం, ఉదయం 8:55

సావిత్రి పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నా. అదే 1955లో కన్యాశుల్కం సినిమా కూడా వచ్చింది. పుల్లయ్యగారు తీశారు. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో ఆడిందాయె. అందులో గిరీశం రామారావు, మధురవాణి సావిత్రి. ఒకే ఏడు, అదే జంట, రెండూ నాటకం నుంచి వచ్చిన సినిమాలే. కన్యాశుల్కాన్ని అందరూ నాటకమనే తలుచుకుంటారు, సినిమా తర్వాతే. మిస్సమ్మ నాటకమన్న సంగతే ఎవరికీ తెలీదు. ఎందుకంటావా? గురజాడ మాట మీద ఎవడూ చెయ్యి వెయ్యలేడు, వేస్తే తెలిసిపోతుంది. చక్రపాణికి మాటతో పనిలేదు, ఆ ఇల్లూ ఆ గుమ్మమూ చాలు. బెంగాలీ వాసన ఒక్క చుక్క లేకుండా అప్పాపురం అనే ఊరు కట్టేశాడు.

రసం బాబూ, రిహార్సల్ ఎంతవరకు వచ్చింది? ప్రాంప్టింగ్‌కి మనిషిని పెట్టుకున్నావా?

నూజివీడురసం
బుధవారం, రాత్రి 11:20

మా బేస్‌మెంట్లో ఆరు రిహార్సళ్ళు అయ్యాయి తాతగారూ. తడిక దొరకలేదు, మడతపెట్టే తెల్ల తెర ఒకటి కొన్నాం. ప్రాంప్టింగ్‌కి మా పెద్దాడు, వాడికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను.

మామగారికి శోకం మాట చెప్పాను. పనిచేసింది. మరీ ఎక్కువ పనిచేసింది, మొదటి సీనులోనే ఏడుస్తున్నారు.

వెన్నెల_లెన్స్
గురువారం, ఉదయం 7:00

ఏడ్చినా పర్లేదు, కన్ను మాత్రం కొట్టొద్దు.

నూజివీడురసం
సోమవారం, రాత్రి 10:05

అయిపోయింది. నిన్న వేశాం. నిద్ర ఇంకా పూర్తి కాలేదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి ఐదు నిమిషాలు ఎవరూ వినలేదు. వెనక పిల్లలు పరుగులు, పక్కన పులిహోర వాసన. రావు కోటు గుండీ ఒకటి రెండో సీనులో ఊడి ముందు వరుసలో పడింది. ఎవరో తీసి స్టేజీ మీద పెట్టారు. మా కోశాధికారి వంగి తీసుకుంటూ "చూశావా, నీతో కాపురం" అని మేరీతో అన్నాడు. స్క్రిప్టులో లేదు. అక్కణ్ణించి హాలు మా చేతిలోకి వచ్చింది.

మీరన్నట్టే గుమ్మం దగ్గర నవ్వులు మొదలయ్యాయి. వాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే మామగారు లోపలికి రావడం, ఇద్దరూ టక్కున ఒకే కుర్చీ వైపు నడవడం. మూడోసారికి జనం ఆయన అడుగు వినపడగానే నవ్వేస్తున్నారు. ఆయన మాత్రం కన్ను కొట్టలేదు.

తాతగారూ, మీ శాపం తగిలింది. నాలుగో సీనులో రావు రావలసిన సమయానికి రాలేదు, కోటుకి పిన్నీసు పెట్టుకుంటున్నాడట. స్టేజీ మీద మామగారు ఒక్కరే. పది సెకన్లు, పదిహేను. మా పెద్దాడు ప్రాంప్టింగ్ ఇవ్వబోతే కాగితాలు కింద పడ్డాయి. రావు అప్పుడే పరుగెత్తుకుంటూ వచ్చాడు. మామగారు చెయ్యి చాచి "బావా ఎప్పుడు వచ్చితీవు" అని అందుకున్నారు. తిరుపతి వేంకట కవుల పద్యం, పూర్తిగా, రాగంతో. అప్పాపురం జమీందారు బడి పంతుల్ని బావా అని పిలిచాడు. హాలు లేచి నిలబడి ఒన్స్‌మోర్ అంది. ఆయన ఒన్స్‌మోర్ ఇచ్చారు కూడా. ఆ రెండోసారికి మూడు నిమిషాలు పోయి, "తెలుసుకొనవె" పాటలు రెండూ కోసెయ్యాల్సి వచ్చింది. ఆందోళిక గారూ, క్షమించండి.

పారాణి సీను. మా ఆవిడ "ఇదేమిటే, పోవట్లేదు" అనగానే పరుగెత్తే పిల్లలు కూడా ఆగారు. మామగారు ఆ సీనులో నిజంగా ఏమీ చెయ్యలేదు, ఊరికే నిలబడ్డారు. అక్కడ ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు.

టీచరుగారూ, మీ వరసే పెట్టాం. కాగితం లాంతరు చందమామ కింద ముందు రావు ఒప్పుకున్నాడు, తర్వాత మేరీ, ఆ తర్వాతే పారాణి. మేరీ వేషం వేసిన చెల్లెలు మెడలో సిలువ తెర పడేదాకా తియ్యలేదు. నేను చెప్పలేదు, తనే ఉంచుకుంది. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ వచ్చి "ఆ పిల్ల మహాలక్ష్మి అయ్యాక కూడా గొలుసు తియ్యలేదేం?" అని అడిగింది. "తియ్యాలనిపించలేదండీ" అంది. ఆవిడ తలూపి, గారెలు వడ్డించుకుని వెళ్ళింది.

సండేస్కూల్_టీచరు
సోమవారం, రాత్రి 10:40

ఆ చెల్లెలికి నా తరఫున ఒక మాట చెప్పండి. ఏం చెప్పాలో తెలీట్లేదు, ఏదో ఒకటి చెప్పండి.

ఆందోళిక
సోమవారం, రాత్రి 10:52

పాటలు కోసినందుకు కోపమే. పద్యానికి కోశారు కాబట్టి వదిలేస్తున్నాను. వీడియో ఏదీ?

నూజివీడురసం
సోమవారం, రాత్రి 11:01

తీశారు. మొదటి సగం ముందు వరుసలో ఒకాయన తల, రెండో సగం నేల. చందమామ మాత్రం ఒక మూలన కనపడుతోంది.

తెనాలి_తాత
మంగళవారం, ఉదయం 5:45

మామగారికి నా నమస్కారాలు. 20న బయల్దేరుతున్నారా?

నూజివీడురసం
మంగళవారం, ఉదయం 7:15

పొద్దున్నే ఏజెంటుకి ఫోన్ చేశారు తాతగారూ. ఉగాదికి ఏం నాటకమని అడుగుతున్నారు, టికెట్ ఏప్రిల్‌కి జరపాలట. వీసా గడువు చూడాలి.

అడ్డంగా_మాట్లాడతా
మంగళవారం, ఉదయం 7:18

మళ్ళీ మిస్సమ్మే వేస్తే డేవిడ్ వేషం నాకివ్వండి. బరువు 54 కిలోలు, మేకప్ ఖర్చు లేదు.

నూజివీడురసం
మంగళవారం, ఉదయం 7:22

ఇస్తాం బ్రో. ముందు మాకు అప్పివ్వాలి. తడిక కొనాలి.